ఎంపికైన మర్నాడు

తెలివైన పిల్లల్ని వెతికి పట్టుకునే పరీక్షలకు మనకు కొదవ లేదు. ఐదో తరగతిలో చేరడానికి గురుకులాల ప్రవేశ పరీక్ష, ఆరో తరగతిలో చేరడానికి నవోదయ పరీక్ష ఉన్నాయి. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ ఉంది. దీని కింద దేశమంతటా ఏటా లక్ష మంది ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకు ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయల ఉపకారవేతనం అందుతుంది. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు ఒలింపియాడ్ ఉంది. పదో తరగతిలో జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష కూడా ఉండేది; దానికి కేంద్రం ఇచ్చిన ఆమోదం 2021 మార్చితో ముగిసింది, పరీక్ష ఆగిపోయింది. ఇంటర్‌తో జేఈఈ, నీట్ సరేసరి. ఇన్ని పరీక్షలు పెట్టి ఏరుకున్న పిల్లకు మర్నాటి నుంచి బడిలో ఏం మారుతోంది? చాలాచోట్ల ఏమీ మారడం లేదు. అదే పాఠం, అదే వేగం, అదే గైడు. ఖాతాలో కొంత డబ్బు పడుతుంది. పేదింటి పిల్లకు ఆ డబ్బు ఎంతో అవసరం, కాదనను. కానీ ఏ ప్రతిభను చూసి ఆ డబ్బు ఇచ్చామో, ఆ ప్రతిభకు మాత్రం మేత దొరకదు.

ప్రతిభావంతులైన పిల్లల గురించి వందేళ్లుగా లోకంలో జరిగిన పరిశోధన, చేసిన ప్రయోగాలు, మన దగ్గర నడిచిన పథకాలు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒకటే. ఎంచుకోవడం వేరు, పెంచడం వేరు. మనం మొదటిదానిలో ఆరితేరాం. రెండోదాన్ని తల్లిదండ్రుల ఓపికకూ అదృష్టానికీ వదిలేశాం.

ఎంపికలోనైనా మనం అనుకున్నంత ఆరితేరామా అన్నది ముందు చూడాలి. 1921లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియా బడుల నుంచి సుమారు 1,500 మంది పిల్లల్ని తెలివితేటల పరీక్ష ద్వారా ఎంపిక చేసి, జీవితాంతం వాళ్లను గమనించే అధ్యయనం మొదలుపెట్టాడు. ఆ పిల్లల్లో చాలామంది మంచి చదువులు చదివారు, మంచి ఉద్యోగాలు చేశారు. కానీ అదే పరీక్ష రాసి, కావలసిన మార్కు రాక బయట ఉండిపోయిన ఇద్దరు పిల్లలున్నారు: విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్. మొదటాయనకు 1956లో, రెండో ఆయనకు 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎంపికైన 1,500 మందిలో నోబెల్ అందుకున్నవాళ్లు లేరు. ఒకరోజు ఒక కాగితం మీద తేలే అంకె మనిషి ఎదుగుదలను చెప్పేయలేదని అక్కడే తేలిపోయింది. 1978లో అమెరికా విద్యా పరిశోధకుడు జోసెఫ్ రెంజుల్లి మరో లెక్క చెప్పాడు. సగటును మించిన సామర్థ్యం, సృజన, పట్టిన పనిని వదలని పట్టుదల, ఈ మూడూ కలిసిన చోటే ప్రతిభ పండుతుందన్నాడు. ఈ మూడింటిలో మన పరీక్షలు కొలిచేది మొదటిదాన్నే. అందులోనూ వేగాన్ని కొలిచేది ఎక్కువ.

అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది. పరీక్ష దాకా వచ్చేదెవరు? అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక పెద్ద విద్యా జిల్లా 2000 దశకం మధ్యలో పద్ధతి మార్చింది. అప్పటిదాకా టీచరో తల్లిదండ్రులో సిఫారసు చేసిన పిల్లలకే ప్రతిభా పరీక్ష పెట్టేవారు. ఆ తర్వాత రెండో తరగతి పిల్లలందరికీ, భాషతో పెద్దగా పనిలేని బొమ్మల పరీక్ష పెట్టారు. ఎంపికకు కావలసిన స్థాయిని తగ్గించలేదు. అయినా పేదింటి పిల్లలు, నల్లజాతి పిల్లలు, ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడని పిల్లలు అంతకుముందుకన్నా చాలా ఎక్కువగా కనబడ్డారు. ఆ పిల్లలు అంతకుముందూ అవే తరగతుల్లో కూర్చునేవాళ్లు. చూసేవాళ్లే లేరు. ఖర్చు తగ్గించాలని ఆ కార్యక్రమాన్ని ఆపేసరికి మళ్లీ పాత పరిస్థితే వచ్చింది. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు ఈ లెక్కలన్నీ తీసి 2016లో ప్రచురించారు. అమెరికాలోనే మరో బృందం, కొత్త ఆవిష్కరణలకు పేటెంట్ తీసుకున్నవాళ్ల బాల్యాన్ని తవ్వి చూసింది. అత్యధిక ఆదాయమున్న ఒక్క శాతం కుటుంబాల పిల్లలు, ఆదాయంలో కింది సగంలో ఉన్న ఇళ్ల పిల్లలతో పోలిస్తే పది రెట్లు ఎక్కువగా ఆవిష్కర్తలయ్యారు. మూడో తరగతి లెక్కల్లో సమానంగా మార్కులు వచ్చిన పిల్లల మధ్య కూడా ఈ తేడా చాలావరకు అలాగే ఉంది.

మన దగ్గర ఈ మాట నిజమని చూడాలంటే భువనగిరి గుట్ట దగ్గరికి వెళ్లాలి. నిజామాబాద్ ప్రాంతంలోని పాకాల అనే గిరిజన గ్రామం నుంచి వచ్చి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న మాలావత్ పూర్ణ అక్కడే మొదటిసారి తాడు పట్టుకుని రాతి మీదికి ఎక్కింది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ మీద నిలబడింది. అదే గురుకుల వ్యవస్థకు చెందిన ఆనంద్ కూడా ఆమెతో శిఖరం చేరాడు. వాళ్ల ఊళ్లో ఆ పిల్లను ఏ పరీక్ష పెట్టి వెతికినా ఈ శక్తి కనబడేది కాదు. గుట్ట ముందు నిలబెట్టి, తాడు చేతికిచ్చి, నేర్పే మనిషిని పక్కన పెట్టారు కాబట్టి కనబడింది. అవకాశం ఇచ్చి చూస్తే తప్ప కొన్ని ప్రతిభలు బయటికి రావు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెతను నమ్ముకుని కూర్చుంటే, పరిమళించే చోటు దొరకని పిల్లల్ని మనం ఎప్పటికీ గుర్తించలేం.

గుర్తించకపోతే ఆ పిల్లలకు ఏమవుతుంది? అందరూ అనుకునే జవాబు, ఏమీ కాదు, తెలివైనవాళ్లు ఎలాగైనా పైకొస్తారు అని. ఇది నిజం కాదు. న్యూయార్క్‌లో లీటా హాలింగ్‌వర్త్ అనే మనస్తత్వవేత్త 1920, 30 దశకాల్లో అసాధారణమైన తెలివి ఉన్న పిల్లలతో కలిసి పనిచేసింది. మామూలు తరగతిలో వాళ్ల సమయంలో సగం, కొందరికైతే దాదాపు అంతా, వృథా అవుతోందని ఆమె రాసింది. అంతకన్నా బాధాకరమైన సంగతి, తెలివి మరీ ఎక్కువైన కొద్దీ పిల్లలకు తోటివాళ్లతో స్నేహం కష్టమై ఒంటరితనం పెరుగుతుందని ఆమె గమనించడం. మన బడుల్లో ఈ పిల్లలు మనకు తెలియనివాళ్లేమీ కాదు. పాఠం మధ్యలో పదేపదే ‘ఎందుకు?’ అని అడిగే పిల్లాడికి అతి అని పేరు పెడతారు. లెక్క రెండు మెట్లలో తేల్చేసిన పిల్లకు మెట్లు రాయలేదని మార్కులు కోస్తారు. ఐదో తరగతికల్లా వాళ్లు నోరు మూసుకోవడం నేర్చుకుంటారు. అమ్మాయిలు ఇంకా త్వరగా నేర్చుకుంటారు. అక్షరాలు కూడబలుక్కుని చదివే ఇబ్బంది, అంటే డిస్‌లెక్సియా ఉన్న పిల్లల్లోనూ అసాధారణ ప్రతిభ ఉండొచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ ఇబ్బందిని గుర్తించింది కాబట్టి పరీక్షలో అదనపు సమయం దొరుకుతుంది. ఆ ఇబ్బంది వెనకాల ఉన్న ప్రతిభను చూసే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

రామానుజన్ కథ అందరూ చెప్పుకునేదే అయినా, అందులో మనకు సంబంధించిన ఒక ఘట్టం గురించి ఎవరూ మాట్లాడరు. 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఆయన ఉపకారవేతనంతో చేరాడు. గణితం తప్ప మిగతా సబ్జెక్టులను పట్టించుకోక తప్పాడు. ఉపకారవేతనం పోయింది. ఇంట్లో ముఖం చూపలేక 1905లో చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన ఊరు విశాఖపట్నం. ఆ పదిహేడేళ్ల కుర్రాడు కొన్నాళ్లు ఇంటికి దూరంగా గడిపాడు. అంటే బడిలోనే ఆయన ప్రతిభను గుర్తించారు, బహుమతులిచ్చారు, ఉపకారవేతనమూ ఇచ్చారు. ఎంపిక అయింది. ఆ తర్వాత ఆయన నడవాల్సిన దారి మాత్రం మిగతావాళ్లందరికీ వేసిందే.

మరి ఏం చేయాలి? పరిశోధకులు దీనికి రెండు దారులు చూపారు: వేగం పెంచడం, లోతు పెంచడం. వేగం పెంచడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేది పదేళ్లకే పదో తరగతి పాసై పేపర్లకెక్కే బాలమేధావి. అది దీనిలో అత్యంత అరుదైన, అత్యంత ప్రమాదకరమైన రకం. అమెరికాలో విలియం సైడిస్ 1909లో పదకొండేళ్లకే హార్వర్డ్‌లో చేరి, మరుసటి ఏడాది గణిత శాస్త్రజ్ఞుల ముందు నాలుగో పరిమాణం గురించి ఉపన్యసించాడు. పత్రికలు అతన్ని ఊపిరి పీల్చుకోనివ్వలేదు. పెద్దయ్యాక గణితానికీ మనుషులకూ దూరంగా, చిన్న గుమాస్తా ఉద్యోగాలు చేసుకుంటూ బతికి 1944లో చనిపోయాడు. ఇందుకు భిన్నంగా ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టెరెన్స్ టావో పెరిగిన తీరు చూడండి. ఒక్కో సబ్జెక్టు ఒక్కో స్థాయిలో చదివాడు. లెక్కలు హైస్కూలు పిల్లలతో, మిగతావి తన ఈడుకు దగ్గరగా ఉన్న పిల్లలతో. పదేళ్లకు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో కాంస్యం, ఆ తర్వాతి ఏడాది రజతం, 1988లో స్వర్ణం. అయినా అందరికన్నా చిన్న వయసులో డిగ్రీ అన్న రికార్డు కోసం తల్లిదండ్రులు తొందరపెట్టలేదు. 2006లో ఫీల్డ్స్ పతకం వచ్చింది. వేగం పిల్లాడి అవసరాన్ని బట్టి సాగింది, పత్రికల అవసరాన్ని బట్టి కాదు.

ఈ రకమైన వేగం మీద సాక్ష్యం గట్టిగానే ఉంది. 1971లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో గణితంలో అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లల మీద జూలియన్ స్టాన్లీ మొదలుపెట్టిన అధ్యయనం యాభై ఏళ్లకు పైగా వేల మందిని గమనిస్తూ వచ్చింది. అయోవా విశ్వవిద్యాలయం 2004లో అప్పటివరకు జరిగిన పరిశోధననంతా కూర్చి ఒక నివేదిక వెలువరించింది. సిద్ధంగా ఉన్న పిల్లల్ని ముందుకు పంపితే చదువులో లాభం స్పష్టంగా కనబడుతోంది, మానసికంగా నష్టపోతారన్న భయానికి ఆధారం దొరకడం లేదు అన్నది దాని సారం. మన విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతి గురించి మాట్లాడింది, బడిలో చేర్చుకోవడానికి పరీక్ష పెట్టొద్దంది. రెండూ మంచివే. ఆరో తరగతి పిల్లను లెక్కల పీరియడ్‌లో మాత్రం ఎనిమిదో తరగతిలో కూర్చోబెట్టడానికి ఆ చట్టం అడ్డు రాదు. అడ్డొచ్చేది టైంటేబుల్. రెండు తరగతుల లెక్కల పీరియడ్ ఒకే గంటలో పడేలా సర్దితే చాలు, పైసా ఖర్చు లేకుండా ఈ పని అవుతుంది.

లోతు పెంచడం ఇంకా తేలిక, ఇంకా ఎక్కువమంది పిల్లలకు ఉపయోగం. ఒక ఉదాహరణ కొంచెం దగ్గరగా చూద్దాం. ఆరో తరగతిలో భిన్నాల కూడిక జరుగుతోంది. అభ్యాసంలో ఉన్న పది లెక్కలను ఒక పిల్ల ఐదు నిమిషాల్లో చేసేసింది. మామూలుగా జరిగేదేమిటంటే, అలాంటివే మరో ఇరవై ఇస్తారు, లేదా గోల చేయకుండా కూర్చోమంటారు. దానికి బదులు టీచరు ఇలా అడగొచ్చు: పైన 1 ఉన్న మూడు వేర్వేరు భిన్నాలను కూడితే సరిగ్గా 1 రావాలి, ఏవో కనుక్కో. పిల్ల తంటాలు పడి 1/2, 1/3, 1/6 అని పట్టుకొస్తుంది. ఇంకో జవాబు ఉందా? లేదు. ఎందుకు లేదు? ఇక్కడ పిల్ల మొదటిసారి లెక్క చేయడం ఆపి ఆలోచించడం మొదలుపెడుతుంది. అతి పెద్ద భిన్నం 1/2 కావాలి, కాకపోతే మూడూ కలిసినా 1 దాకా రావని తనంతట తాను చూస్తుంది. మరి నాలుగు భిన్నాలైతే? 1/2, 1/4, 1/6, 1/12 ఒకటి. 1/2, 1/3, 1/7, 1/42 ఇంకొకటి. మొత్తం ఆరున్నాయి. ఈ ఆరూ వెతకడానికి వారం పడుతుంది, ఆ వారం ఆ పిల్ల బడికి పరుగెత్తుకుంటూ వస్తుంది. దీనికి స్మార్ట్ బోర్డు అక్కర్లేదు, ట్యాబ్ అక్కర్లేదు. ఇలాంటి ప్రశ్నలు చేతిలో ఉన్న టీచరు కావాలి. హంగరీలో 1894 నుంచి హైస్కూలు పిల్లల కోసం నెలనెలా లెక్కలు వేసే పత్రిక ఒకటుంది. జవాబులు పంపిన పిల్లల పేర్లూ ఫొటోలూ అందులో వేసేవారు. ఆ చిన్న దేశం నుంచి అంతమంది గణిత శాస్త్రజ్ఞులు రావడం వెనక ఆ పత్రిక పాత్ర పెద్దది. మనకు జనవిజ్ఞానవేదిక నడిపిన ‘చెకుముకి’ ఉంది. ప్రభుత్వం అలాంటి పత్రికను ప్రతి హైస్కూలుకూ పంపి, అందులోని ప్రశ్నలకు జవాబులు దిద్దే టీచర్లకు గౌరవవేతనం ఇస్తే ఎన్ని పోటీ పరీక్షలు పెట్టినా రాని ఫలితం వస్తుంది.

నేర్పే మనిషి ఎంత ముఖ్యమో పాలకొల్లు చూపిస్తుంది. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో అక్కడ పుట్టాడు. తండ్రి మాండొలిన్‌ను ఐదారేళ్ల వయసులోనే చేతిలోకి తీసుకున్నాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఆ పిల్లాడి చేయి చూసి శిష్యుడిగా తీసుకున్నారు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లాడు విని తీగ మీద ఆ గమకం ఎక్కడ దొరుకుతుందో తనే వెతుక్కునేవాడు. కర్ణాటక సంగీతంలో అంతకుముందు ఎవరూ నడవని దారి అది, కాబట్టి వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లే లేరు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొమ్మిదేళ్ల శ్రీనివాస్ తొలి కచేరీ చేశాడు. శిష్యుడు తనకన్నా ముందుకు పోతాడని తెలిసీ, తనకు రాని వాద్యంలోకి అతన్ని చేయిపట్టి నడిపించిన ఆ గురువుకు నేను మనసారా నమస్కరిస్తాను.

ఇంటి విషయానికొస్తే, అమెరికా విద్యా పరిశోధకుడు బెంజమిన్ బ్లూమ్ బృందం 1985లో ప్రచురించిన అధ్యయనం నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపిస్తుంది. పియానో విద్వాంసులు, శిల్పులు, గణిత శాస్త్రజ్ఞులు, ఒలింపిక్ ఈతగాళ్లు, ఇలా శిఖరం చేరిన సుమారు 120 మందిని, వాళ్ల తల్లిదండ్రులను కలిసి మాట్లాడారు. వాళ్లలో ఎక్కువమంది చిన్నప్పుడు బాలమేధావులేమీ కారు. మొదటి గురువు గొప్ప విద్వాంసుడు కూడా కాదు. పక్క వీధిలో ఉండే, నవ్వుతూ నేర్పే మనిషి. ముందు ఇష్టం పుట్టింది, ఆ తర్వాతే కఠోర సాధన మొదలైంది. మనం ఈ వరుసను తలకిందులు చేశాం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, తెల్లవారుజామున స్టడీ అవర్, ఆదివారం టెస్టు. చురుకైన పిల్లల్ని అందరికన్నా ముందు పట్టుకుని, అందరికన్నా ఇరుకైన దారిలోకి పంపిస్తున్నాం. లెక్కల్లో మునిగిపోయే పిల్లకూ, పిట్టల వెంట తిరిగే పిల్లాడికీ, కథలు రాసే పిల్లకూ ఒకే మెటీరియల్. ర్యాంకు వచ్చినవాళ్లలోనూ చాలామందికి ఇష్టం అక్కడే చచ్చిపోతుంది. ర్యాంకు రాక ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు ఏటా ఫలితాల వేళ మన గుండెలు కోస్తూనే ఉన్నాయి.

తల్లిదండ్రులు ఆ పిల్లల వెంట ఉండకూడదని కాదు. కోనేరు హంపి వెనక తండ్రి అశోక్ ఉన్నారు. ఉద్యోగం వదులుకుని కూతురికి చదరంగం నేర్పారు. ఆమె 2002లో పదిహేనేళ్లకు గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లయి విరామం తీసుకున్నాక కూడా 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. ఇష్టం పిల్లదైనప్పుడు అండ ఎంత కాలం నిలుస్తుందో అందులో కనబడుతుంది. అమెరికాలోని మనవాళ్లు కూడా ఒక పద్ధతి చూపారు. 1989లో చిట్టూరి రత్నం స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ అక్కడి భారతీయ కుటుంబాల పిల్లలకు స్పెల్లింగ్, గణితం, భూగోళం పోటీలు నడుపుతూ, వచ్చిన డబ్బుతో ఇక్కడి పేద విద్యార్థులకు ఉపకారవేతనాలిస్తోంది. ఆ పోటీలు పిల్లలకిచ్చే పెద్ద మేలు పతకం కాదు, తమలాంటి పిచ్చి ఉన్న మరో పిల్ల దొరకడం.

ఇంట్లో జాగ్రత్తగా ఉండవలసింది మెచ్చుకోలు విషయంలో. 1998లో క్లాడియా ముల్లర్, క్యారల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మల పజిళ్లు చేసిన పిల్లల్లో కొందరిని ‘నువ్వు చాలా తెలివైనదానివి’ అని, కొందరిని ‘చాలా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకోగా విన్నవాళ్లలో ఎక్కువమంది తర్వాత తేలిక పజిళ్లే ఎంచుకున్నారు, కష్టమైనవి ఎదురై తప్పాక మరింత వెనకబడ్డారు. బంధువులొచ్చిన ప్రతిసారీ పిల్లను హాల్లో నిలబెట్టి రాజధానుల పేర్లు చెప్పించే అమ్మానాన్నలు ఇది గుర్తుంచుకోవాలి. ఆ పిల్ల భయం లేకుండా తప్పు చేయగలిగే చోటు ఇల్లొక్కటే.

ఇక ప్రభుత్వాలు. తెలుగు నేల ఈ విషయంలో దేశానికి దారి చూపిన మాట వాస్తవం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. తాడికొండ, కొడిగెనహళ్లి వెంటనే వచ్చాయి. ఆయనే కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉండగా 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయ విద్యాలయాలు దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాలకూ విస్తరించాయి. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. ప్రవేశ పరీక్షలో 100 మార్కులకు 50 బొమ్మల ప్రశ్నలకే, తెలుగులోనూ రాయొచ్చు. ఫ్లోరిడా చేసిన పనికి దగ్గరి చుట్టం ఇది. తేడా ఒక్కటే: దరఖాస్తు చేసిన పిల్లే పరీక్ష రాస్తుంది. ఆ సంగతి తెలిసిన టీచరో అన్నయ్యో లేని గూడెం పిల్ల రాయదు. పైగా మన గురుకుల కళాశాలలు కొన్ని ఇప్పుడు ఐఐటీ, నీట్ కోచింగ్ కేంద్రాలుగా మారి, ఏ కార్పొరేట్ కాలేజీలకు ప్రత్యామ్నాయం కావాలో వాటినే అనుసరిస్తున్నాయి.

కొందరినే ఏరి ప్రత్యేకంగా చదివించడం అన్యాయమన్న అభ్యంతరం ఉంది. నాకు దానిమీద గౌరవముంది. సింగపూర్ 1984 నుంచి ప్రాథమిక స్థాయిలోనే ఒక శాతం పిల్లల్ని ఎంపిక చేసి తొమ్మిది బడుల్లో ప్రత్యేకంగా చదివించేది. ఆ పరీక్షకే ట్యూషన్లు పుట్టుకొచ్చాయి. 2024లో ఆ పద్ధతికి స్వస్తి చెబుతామని ప్రకటించారు. ప్రతి ప్రాథమిక బడిలోనూ చురుకైన పిల్లలకు లోతైన పాఠాలు, కావలసినవాళ్లకు దగ్గరి బడిలో సాయంత్రం తరగతులు పెడతామన్నారు. మన 2020 జాతీయ విద్యా విధానం చెప్పిందీ దాదాపు ఇదే: బడి, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం), జిల్లా స్థాయుల్లో విషయాలవారీ క్లబ్బులు, బీఈడీలో ప్రతిభావంతులకు బోధించడంపై ప్రత్యేక శిక్షణ, ప్రాంతీయ భాషల్లో ఒలింపియాడ్‌లు. కాగితం మీద ఉన్నదాన్ని పనిలో పెట్టడమే మిగిలింది.

నా మట్టుకు నేను అడిగేది మూడు పనులు. నాలుగో తరగతి చివర ప్రతి ప్రభుత్వ బడిలో, దరఖాస్తుతో పనిలేకుండా, పిల్లలందరికీ బొమ్మల పరీక్ష పెట్టాలి. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలకు సూచనలు వాళ్ల భాషలోనే చెప్పాలి. ప్రతి స్కూల్ కాంప్లెక్స్‌లో శనివారం మధ్యాహ్నం ఒక లెక్కల వలయం, ఒక సైన్స్ వలయం, ఒక కథల వలయం నడపాలి. పరీక్షలో నెగ్గినవాళ్లతోపాటు ఇష్టంతో వచ్చే ఎవరినైనా రానివ్వాలి. వాటిని నడిపే టీచర్లకు వేసవిలో ఒక నెల శిక్షణ, ఆ పనికి వేతనం, ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే డైట్ కళాశాలల్లో ప్రశ్నల నిధి ఉండాలి. ఆ కేంద్రాలకు ఆడపిల్లలు ఎలా వస్తారన్నది మొదటి రోజు నుంచే లెక్కలో ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఆర్టీసీ సాధారణ బస్సుల్లో వాళ్లు టికెట్ డబ్బు కట్టనక్కర్లేదు. బస్సే రాని ఊళ్లకు నెలకు రెండుసార్లయినా టీచరే వెళ్లాలి, దానికయ్యే ప్రయాణ ఖర్చు బడ్జెట్‌లో విడిగా చూపాలి.